నలభై రెండా, నలభై అయిదా?

నా కారంటే నాకు గర్వం. ఉండదా మరి? ఎర్ర రంగు, రెండే సీట్లు. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బస్సులో వాళ్లంతా కిటికీల వైపు జరుగుతారు. ఆ గర్వంతోనే వర్క్‌షాప్ గేటు లోపలికి దూసుకెళ్లి, రెండుసార్లు హారన్ కొట్టాను.

మూలన వెల్డింగ్ వెలుగు ఆరిపోయింది. మాస్క్ పైకి లేచింది. అమ్మాయి!

"ఇంకోసారి కొట్టండి. చెయ్యి అదిరి ఒక జాయింట్ వంకరపోయింది. రెండోది కూడా పోతే సరి!"

"సారీ అండీ. నాకు హెడర్ కావాలి. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పెద్దది."

"ఇది చెప్పుల షాపు కాదు" అంది. "మీ ఇంజన్‌కి ఏది సరిపోతే అదే చేస్తాం."

ఇంజన్ నుంచి పొగను బయటికి లాక్కెళ్లే నాలుగు గొట్టాలను కలిపి హెడర్ అంటారు. గొట్టం ఎంత లావైతే అంత పవరని నా గట్టి నమ్మకం. ఆమె నీళ్ల పైపు తీసి, మూతిని వేలితో సగం మూసింది. నీళ్లు అవతలి గోడ దాకా పోయాయి. వేలు తీసింది. నా బూట్ల మీద పడ్డాయి.

"చూశారా? వదులైతే ఊపు తగ్గుతుంది. పొగ కూడా అంతే. మామూలు ఇంజనైతే గొట్టం వెడల్పు నలభై రెండు మిల్లీమీటర్లు. వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ మార్చి, ఇంజన్ పైభాగం హెడ్‌కి పని చేయించి, గట్టిగా తిప్పే ఇంజనైతే నలభై అయిదు. మూడు మిల్లీమీటర్లేగా అనుకోకండి. నా పనంతా ఆ మూడింట్లోనే ఉంది."

తర్వాత ఒక ఫారం ఇచ్చింది. అందులో రెండు గళ్లు. మార్పులు 'చేయించినవి', 'చేయించబోయేవి'.

"నిజం రాయండి. ఇక్కడికొచ్చే వాళ్లలో సగం మందికి కారుకన్నా కోతలే ఎక్కువ."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వచ్చే ఏడాది చేయిద్దామని నేను కంటున్న కలలన్నీ తీసుకెళ్లి 'చేయించినవి' గడిలో రాసేశాను. ఆమె చదివి, మొదటిసారి నా వంక గౌరవంగా చూసింది. ఆ చూపు కోసం ఇంకో రెండు పార్టులు రాసేవాణ్ణే, గడిలో చోటు లేదు.

"ఇన్ని మార్పులు చేస్తే ఆగి ఉన్నప్పుడు ఇంజన్ గుర్రుమనాలే. ఐడిల్ ఇంత నిమ్మళంగా ఉందేంటి?" అంది ఇంజన్ చప్పుడు వింటూ.

"మా మెకానిక్ చేతి చలవ" అన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు.

మూడు వారాలు రోజూ వెళ్లాను. బయట వాన రేకుల మీద దంచి కొడుతుంటే, లోపల ఆమె ఒక్కో వంపు కోసి, కొలిచి, మళ్లీ కోసేది.

"రోజూ ఎందుకొస్తారు?"

"పైపు ఎంతవరకొచ్చిందో చూద్దామని."

"పైపు ఇటుంది. మీ చూపు అటుంది."

ఒకరోజు తనే చెప్పింది. ఇన్నాళ్లూ సైజులు లెక్కగట్టేది వాళ్ల నాన్న, అతికించేది తను. తనంతట తను లెక్క వేసిన మొదటి హెడర్ నాదే. ఇది డైనో మీద నెగ్గితే, ఇక సైజుల పని తనకే వదిలేస్తానన్నారట పెద్దాయన. దానికోసం మూడేళ్లుగా ఎదురు చూస్తోంది. గోడకు తగిలించిన నా ఫారం వంక చూసి, చూపు తిప్పేసుకున్నాను.

డైనో అంటే కారును రోలర్ల మీద పరుగెత్తించి బలం కొలిచే యంత్రం. పరీక్ష రోజు పెద్దాయనతో పాటు పాత కస్టమర్లు నలుగురు చేరారు. యాక్సిలరేటర్ నేనే తొక్కాను. తెర మీద గీత నిమిషానికి నాలుగు వేల చుట్ల దాకా చతికిలబడే ఉంది. ఆపైన కూడా కోలుకోలేదు.

"నలభై అయిదు ఎక్కువైంది" అన్నారు పెద్దాయన. "పర్లేదమ్మా, ఇంకొన్నాళ్లు సైజులు నేనే చూస్తాలే."

ఆమె వెళ్లి లెక్కల కాగితం తెచ్చుకుని, తన తప్పు ఎక్కడుందా అని మొదటి నుంచి వెతుక్కుంటోంది. నేను నోరు మూసుకుంటే నా పరువు నిలుస్తుంది, ఆమె కష్టం బూడిదలో పోసినట్టవుతుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

కారు దిగి అందరికీ వినపడేలా చెప్పాను. "లెక్క తప్పు కాదండీ. నేను రాసిందే అబద్ధం. క్యామ్‌షాఫ్ట్ మార్చలేదు, హెడ్ ముట్టుకోలేదు. ఇంజన్ కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

"మరెందుకు రాశావు బాబూ?"

"మీ అమ్మాయి ముందు తక్కువైపోవడం ఇష్టంలేక."

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!" అని పెద్దాయన నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, ఫారం ముందేసుకుని, పెన్సిల్‌తో తనే లెక్క కట్టారు.

"ఈ కాగితంలో ఉన్న ఇంజన్‌కైతే నలభై అయిదే" అన్నారు చివరికి. "నేనైతే నలభై నాలుగు దగ్గర తటపటాయించేవాణ్ణి. కాగితం మీద నెగ్గావమ్మా. ఇక ఇంజన్ మీద చూపించాలి."

ఆమె కళ్లలో నీళ్లు. నా వైపు తిరిగేసరికి అవి నిప్పులయ్యాయి.

"ఐడిల్ విన్నప్పుడే నా చెవిని నమ్మాల్సింది. మిమ్మల్ని నమ్మాను. నలభై రెండు చేసిస్తాను, పట్టుకుపొండి."

"వద్దు. మీ పైపు మార్చను. ఇంజన్నే దాని స్థాయికి తెస్తాను."

రెండు నెలలు అదే హెడర్‌తో తిరిగాను. పచ్చ సిగ్నల్ పడగానే స్కూటర్లు కూడా నన్ను దాటి పోయేవి. మొత్తానికి పార్టులన్నీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాను. ఒక్కో డబ్బా విప్పి చూసుకుంది. నా చేతికో స్పానర్ ఇచ్చింది. నాలుగు ఆదివారాలు పక్కపక్కనే నిలబడి ఇంజన్ విప్పాం, బిగించాం.

రెండోసారి డైనో మీద గీత అయిదు వేలు దాటాక లేచింది చూడండి, ఏడు వేల దాకా వెనక్కి చూడలేదు! అందరూ చప్పట్లు కొట్టారు. అవి నాక్కాదు, ఆమెకి. అయినా నా గుండె ఉప్పొంగిపోయింది.

అంతలో ఎవరో ఫోన్ చేశారు. "సైజా? అది నన్నడక్కండి, మా అమ్మాయిని అడగాలి" అన్నారు పెద్దాయన, వీధి చివరి దాకా వినపడేలా.

ఆమె చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. "ఆదివారం ఇంటికి రా. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా."

నువ్వు అంది! ఆ సంబరంలో నా బుర్ర పనిచేయలేదు.

"వాళ్లెందుకు? వాళ్లకి కార్ల గురించి ఏమీ తెలీదు."

"కార్ల గురించి మాట్లాడేదెవరు?" అంది.