ఉడికిన కవర్లు

రెండువేల ఇరవై నాలుగు, జూలై పద్నాలుగు, ఆదివారం. పొద్దున జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు. గ్రేస్ రెండో రొట్టె తుంచుతుండగా అత్త బిక్షమ్మ వచ్చి, ఏడు నెలల నిరోషను ఆమె ఒళ్ళో పెట్టింది. చర్చికని అత్త కట్టుకున్న తెల్లచీర ముందంతా తడిసి ఉంది.

"ఇగో, నీ కవరు సంగతి. మళ్ళ కారింది."

గుడ్డ డైపర్ మీద, తడి బయటికి రాకుండా తొడిగే కవరు అది. మర్నాటి నుంచి గ్రేస్ మళ్ళీ స్కూల్లో పాఠాలు చెప్పాలి. రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని స్కూలువాళ్ళు ఖరాఖండిగా చెప్పారు. పిల్లను చూసుకోవడానికి బిక్షమ్మ ఒప్పుకుంది గానీ, గంటకో చీర మార్చే ఓపిక తనకు లేదంది. అందుకే పోయిన వారం గ్రేస్ కోదాడ పోయి కొట్టంతా తిరగేసింది. చవక ప్లాస్టిక్‌ది చేతికే గరగరలాడింది, పిల్ల తొడలు ఒరుసుకుపోతాయి. ఖరీదైనది ధర చూసి పక్కన పెట్టింది. బయట బట్ట, లోపల పలుచని పొర ఉన్న మధ్యరకంవి రెండు తెచ్చింది. కొట్లోనే నీళ్ళు పోయించి చూసింది. చుక్క దిగలేదు.

"కొత్తవి వారానికే కారుతయా అత్తమ్మా? గుడ్డ సరిగ్గ మడిచినవా?"

"ఇరవై రెండేండ్లు దవాఖానల ఆయా పని చేసిన. గుడ్డ మడుచుడు నువ్వు నేర్పుతవా?"

సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన గ్రేస్ భర్త నవీన్‌కుమార్ కంచంలోంచి తలెత్తలేదు. "పాకిట్ డైపర్లు కొంటే అయిపోతది గద," అన్నాడు.

"వాటితోనే కద పిల్లకు దద్దుర్లు లేచింది. నువ్వు ఎన్నడన్న విప్పి చూసినవా?"

అంటూనే గ్రేస్ కవరు విప్పి తిరగేసింది. లోపలి పొర బుడగలు బుడగలుగా ఉబ్బి, పాల మీద మీగడలా ఊడి వస్తోంది.

"అత్తమ్మా, వీటిని ఏం చేసినవ్?"

"ఏం చేస్త. సోడా ఏసి ఉడకబెట్టిన. పసిపిల్ల ఒంటికి తాకేది ఉడకబెట్టకుంటనా?"

"ఉడకబెట్టొద్దని దీని మీదనే రాసి ఉంది."

"నాకు ఇంగ్లీషు వస్తదా?"

"తెల్వనప్పుడు అడగాలె. నువ్వే పాడుచేసి, నా కవరు కారిందంటవా?"

బిక్షమ్మ గొంతు తగ్గింది. "తెల్వదా నాకు? ఎంతమంది పిల్లల గుడ్డలు ఉడికించినయి ఈ చేతులు. డాక్టరమ్మ సుత ఏనాడు నాకు తెల్వదనలే. రేపటిసంది నీ పిల్లను నువ్వే చూస్కో. లేకుంటే అన్ని తెలిసినోళ్ళను పెట్టుకో."

చీర మార్చుకుని ఒక్కతే చర్చికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం వచ్చాక కూడా ఎవరి అన్నం వాళ్ళు పెట్టుకుని తిన్నారు.

స్కూలుకు ఫోను చేద్దామని గ్రేస్ రెండుసార్లు అనుకుంది. అంతలో పిల్ల తడిపింది. గుడ్డ మారుస్తూ ఆగిపోయింది. నెల కిందట ఎర్రగా కమిలిన తొడల మీద ఇప్పుడు ఒక్క మచ్చ లేదు. పక్కన మల్లెపువ్వుల్లా తెల్లని గుడ్డలు, అంచుకు అంచు కలిపి మడిచినవి. రోజూ పొయ్యి దగ్గర నిలబడి వాటిని ఉడికించింది ఎవరో ఆమెకు తెలుసు. ఫోను పక్కన పెట్టి అత్త గదికి వెళ్ళింది. మంచం ఖాళీగా ఉంది.

బిక్షమ్మ చీకటి పడ్డాక వచ్చింది. సంచిలోంచి రెండు కవర్లు తీసి గ్రేస్ ముందు పడేసింది. మధ్యరకంవే.

"కోదాడ పోయొచ్చిన. కొట్టాయనతోని మూడుసార్లు సదివిచ్చుకున్న. సల్లనీళ్ళు. సోడా వద్దు. నీడల ఆరేయాలె."

"అత్తమ్మా, పొద్దున నేనట్ల..."

"గుడ్డలు మాత్రం ఉడకబెడ్త. దాంట్ల నీ మాట వినను."

"ఉడకబెట్టు. దద్దుర్లు తగ్గింది నీ చేతితోనే." గ్రేస్ కళ్ళు నిండాయి.

"ఏడుసుడెందుకు, పొద్దుగాల స్కూలుకు పోయేదానివి. పిల్ల ఇయ్యాల నా దగ్గర పంటది. రాత్రికి ఎన్నిసార్లు తడుపుతదో చూస్త."

"పాలకు లేస్తే?"

"లేపుత నిన్ను. ఏం, నాకు తెల్వదా?"

ఆ మాటలో ఇంకా కోపముంది. కానీ నిరోషను భుజాన వేసుకున్న చెయ్యి మెత్తగా తడుతూనే ఉంది. బిక్షమ్మ తన గదిలోకి పోయి, గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, తలుపు నెమ్మదిగా మూసుకుంది.