పలకరింపుల వీధి

ఎదుటి వరస అప్పాయమ్మ పలకరింపుకొచ్చి ఝాన్సీ పక్కన చతికిలబడింది. "ఉంటే ఈపాటికి బడికెళ్ళేవాడు కదే నీ కొడుకు!" అంది. ఝాన్సీ మణికట్టుకి కట్టిన మనోతూనిక పట్టీ పచ్చరంగు పోయి బూడిదరంగుకి తిరిగింది.

అప్పాయమ్మ చూస్తున్నది ఝాన్సీ మొహం కాదు, ఆ మణికట్టు. ఝాన్సీ అత్త నూకాలు అది కనిపెట్టింది.

ఆ రేవు కాలనీలో దిగులుజబ్బుకి మందు తేల్చేది డాక్టరు కాదు, మనోతూనికే. తూర్పు వరసకి తెల్ల మందు, పడమటి వరసకి ఎర్ర మందు ఇస్తుంది. నిద్రా, మాటా, గుండె చప్పుడూ తూచి, మెరుగనిపించినదాన్నే అందరికీ ఉంచుతుంది. రెండోది ఆపేస్తుంది. మునుపు వాడిన ఎర్ర మందుకి ఝాన్సీకి కడుపులో తిప్పడం తప్ప దిగులు తగ్గలేదు. తూర్పు వరసకని తెల్ల మందు పడ్డాకే మంచం దిగి తల దువ్వుకుంది.

"దాని దగ్గర ఆ మాటలెందుకు ఒదినా?" అంది నూకాలు.

"పలకరించకపోతే ఊరుకుంటావా? రాలేదని ఏడాదంతా సాధించవూ!" అంటూ అప్పాయమ్మ నవ్వి లేచింది.

మర్నాడు నూకాలూ పలకరింపుకెళ్ళింది. అప్పాయమ్మ మొగుడు సోములు ఎర్ర మందు పడ్డాక మళ్ళీ వల ముట్టుకున్నాడు. నూకాల్ని చూసి పీట వేశాడు.

"కూర్చో చెల్లెమ్మా. టీ తాగుతావా?"

నూకాలు టీ వద్దంది. అతని మణికట్టు మీద కన్నేసి అడిగింది.

"సముద్రంలో పోయిన మీ తమ్ముడు... ఒడ్డుకైనా రాలేదు కదా అన్నయ్యా?"

సోములు చేతిలో వల జారిపోయింది.

ఇక ఆ వీధిలో ఎవరింట చూసినా పలకరింపులే. తలుపు తట్టిన చప్పుడైతే చాలు, జబ్బుమనిషిని లోపలి గదిలోకి తోసేవాళ్ళు.

నెల తిరిగాక మనోతూనిక తీర్పు చెప్పింది. రెండు మందులూ పనికిరావట, రెండూ ఆపేస్తారట.

ఝాన్సీ మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. నూకాలు మందుల కేంద్రానికి పరిగెత్తింది. అప్పటికే కిటికీ ముందు అప్పాయమ్మ నిలబడి ఉంది.

"కావాలని ఎవరైనా బాధపెట్టారా? చెబితే మళ్ళీ తూస్తాం" అంది లోపలి నర్సు. "తప్పు ఏ వరసదైతే ఆ వరస మందు మాత్రం తూకంలో ఉండదు."

"చెప్పొదినా, ముందొచ్చింది నువ్వేగా" అంది నూకాలు.

"నాకంటే నీకే నోరెక్కువ. నువ్వే చెప్పు."

"మొదలెట్టిందెవరు?"

"ఏమిటి మొదలెట్టింది?" అంది నర్సు.

"ఏం లేదమ్మా" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"అయితే ఎవరూ ఏమీ చెయ్యలేదన్నమాట" అని నర్సు కిటికీ వేసేసింది.