ముందే చెప్పిన సాక్ష్యం

రెబెక్కా ఇంటికి వచ్చేసరికి టీషర్టు వీపు మీద, చంకల కింద తడిసి ఉంది. గుమ్మంలో బూట్లు విప్పి, రొప్పుతున్నట్టు రెండు మూడు ఊపిర్లు గట్టిగా వదిలి, మంచినీళ్ల బిందె దగ్గరికి నడిచింది. పొయ్యి దగ్గర అన్నం వారుస్తున్న తల్లి ఎలీషమ్మ తల ఎత్తకుండానే, "గుడ్డు ఉడికింది, వొలుసుకొని తిను," అంది.

ఆ గుడ్డు వాళ్ల ఇంటి కోడి పెట్టింది కాదు. పక్క గల్లీ సత్యమ్మ రోజూ పంపేది. "మన మందిరం పిల్ల రైల్వేల కొలువు కొడ్తది, సూడుండ్రి," అని ఆమె శామీర్‌పేట సంతలో ఎదురుపడిన వాళ్లందరికీ చెప్పేది. కిరాణా కొట్టు నడిపే లింగం ఆ ప్రార్థనా మందిరం మొహం ఎరగడు, అయినా ఆ పిల్ల కనబడితే చాలు, పల్లీ పట్టీ చేతిలో పెట్టి, "తిను బిడ్డా, బలమొస్తది," అనేవాడు. బస్తీ అంతా తలా ఒక చేయి వేసి ఆ పిల్ల కాళ్లకు బలం పోస్తోంది.

గుడ్డు గొంతు దిగక రెబెక్కా నీళ్లు తాగింది. ఎలా దిగుతుంది? ఆ పొద్దున ఆమె ఒక్క అడుగు కూడా పరుగెత్తలేదు. నిన్నా అంతే, మొన్నా అంతే. చీకటితో లేచి, బూట్లు వేసుకొని, తూంకుంట వైపు కొత్త లేఅవుట్‌లో సగం కట్టి ఉన్న ఒక ఇంట్లో గోడకు ఆనుకొని కూర్చునేది. పొద్దు పొడిచాక, గోడలు తడపడానికి నింపిన డ్రమ్ములోంచి దోసెడు నీళ్లు తీసి వీపు మీద, చంకల కింద చల్లుకొని ఇంటికి వచ్చేది. చెమట ఎక్కడెక్కడ పడుతుందో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది!

ఒకప్పుడు ఈ పిల్లను ఆపడం కష్టంగా ఉండేది. ఉప్పు తెమ్మంటే పరుగు, బడికి పరుగు, వాన వస్తే పరుగు. బడి పోటీల్లో గెలిచి, జిల్లా పోటీల్లో బంగారు పతకం తెచ్చిన రోజున తండ్రి యోబుకు లోకం మారిపోయింది. యోబు గేట్లూ గ్రిల్లులూ వెల్డింగ్ చేసేవాడు. జన్మలో ఏ పోటీలోనూ పాల్గొన్నవాడు కాదు. అలాంటివాడు ఆ మర్నాటి నుంచి లూనా బండి మీద కూతురి వెనకే, "ఉరుకు, ఉరుకు, గా స్తంభం దాంక!" అని అరుస్తూ తిరగడం మొదలుపెట్టాడు. పొద్దున పరుగు, సాయంత్రం పరుగు. ఆదివారం మందిరానికి పోయే ముందు కూడా పరుగు.

రాష్ట్ర పోటీల్లో ఆమె ఆరో స్థానంలో వచ్చింది. దాంతో యోబు పరుగు పెంచాడు. తర్వాతి ఏడు చివరి స్థానం. ఇంకా పెంచాడు. ఆ తర్వాత కరీంనగర్‌లో సగం దూరం పోయాక కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. గడ్డిలో కూర్చుండిపోయి, ఎవరు పిలిచినా లేవలేదు.

అన్నిటికంటే కష్టం పోటీ తర్వాత వచ్చే ఆదివారం. వాళ్ల మందిరంలో గెలిచినవాళ్లు లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి, ఓడినవాళ్లు లేచి ప్రార్థన అడగాలి. రెండు రకాలుగానూ రెబెక్కాయే నిలబడాలి. ఆడవాళ్ల వైపు చాప మీద నిలబడి, "నా కోసం ప్రార్థన చేయండి," అంటుంటే అందరూ జాలిగా చూసేవాళ్లు. ఆ జాలికి ఆమె చచ్చిపోయేది.

ఇంతలో రైల్వేలో ఆటగాళ్ల కోటా కొలువులకు పరుగు సెలక్షన్ పడింది, యోబు ఇంకో పని చేశాడు. బయటి నుంచి వచ్చిన ఒక బోధకుడు, అడిగినదాన్ని పొందామని నమ్మి ముందే స్తోత్రం చెల్లించాలని చెప్పి వెళ్లాడు. ఆ మాట యోబు గుండెల్లో నాటుకుంది. ఆ వచ్చే ఆదివారమే లేచి నిలబడి, "నా బిడ్డకు రైల్వే కొలువు దొరికింది. ఇంక సెలక్షన్ కాలె, అయినా విశ్వాసంతోని చెప్తున్న. వచ్చే నెల మా ఇంట్ల కృతజ్ఞత కూడిక. అందరికీ భోజనం ఆడనే!" అన్నాడు. మందిరమంతా ఆమెన్ అంది. సత్యమ్మ చప్పట్లు కొట్టింది. రెబెక్కా తల వంచుకొని చాపలోంచి ఒక ఈనె పీకుతూ కూర్చుంది.

మర్నాడు రోడ్డు మీదికి వెళ్లి నిలబడితే కాళ్లు కదల్లేదు. అప్పటి నుంచి ఆ సగం కట్టిన ఇల్లే ఆమెకు దిక్కయింది. ఆ గోడల మధ్య ఊపిరి ఆడుతోందా అంటే అదీ లేదు. బయటికి వస్తే బస్తీ, లోపల కూర్చుంటే భయం. ఎటు తిరిగినా సెలక్షన్ తేదీ దగ్గరికొస్తోంది.

మేడ్చల్ వైపూ ఇటూ లేఅవుట్లు పడి గేట్ల పని ఎక్కువ కావడంతో యోబు బండి వెనక రావడం తగ్గింది కాబట్టి ఈ నాటకం అన్ని రోజులు సాగింది. అయితే ఆ గేట్ల పనే చివరికి కొంప ముంచింది. ఆ బుధవారం పొద్దున్నే యోబు కొలత తీసుకోవడానికి వెళ్లింది సరిగ్గా ఆ సగం కట్టిన ఇంటికే.

లోపల గోడకు ఆనుకొని, మోకాళ్ల మీద తల పెట్టుకొని కూతురు కనిపించింది. ముందు పడిపోయిందనుకొని కంగారుపడ్డాడు. ఆమె తల ఎత్తి, తండ్రిని చూసి, అలవాటు కొద్దీ డ్రమ్ము వైపు చూసింది. యోబు చూపు కూడా డ్రమ్ము వైపు వెళ్లింది. ఆమె టీషర్టు ఇంకా పొడిగా ఉంది. అతనికి అర్థమైపోయింది.

"బండెక్కు," అన్నాడు. 

ఇంట్లో అడుగు పెట్టాక గానీ గొంతు లేవలేదు. "ఎన్నొద్దుల సంది నడుస్తాందే గీ నాటకం?"

"నువ్వు మందిరంల చెప్పిన్నాటి సంది," అంది రెబెక్కా.

"అంటే? దేవునికి స్తోత్రం చెప్పుడు తప్పైందా?"

"రాకముందే చెప్పినవ్ నాయినా. ఇంతకుముందు ఓడితే నేనొక్కదాన్నే ఓడేదాన్ని. ఇగ ఇప్పుడు ఓడితే దేవుడే మాట తప్పినట్టైతది. గంత బరువు కాళ్లకు కట్టుకొని ఎట్ల ఉరకాలె, నువ్వే చెప్పు!"

కోపంలో ఉన్నవాడికి మంచి మాట కూడా ఎదురు మాటే. "నీకోసం గాదా నేను తిరిగింది? నా పని ఇడిశిపెట్టి, ఎండల, వానల! సత్యమ్మ గుడ్లు పంపుతాంది, అందరూ ఉపాసముండి ప్రార్థన జేస్తుండ్రు. గాళ్లకు ఏమని చెప్పాలె? నా ఇజ్జత్ ఏం గావాలె? నడువ్, బూట్లు కట్టుకో. నా కండ్ల ముందట ఉరుకు!"

రెబెక్కా కదల్లేదు. యోబు ఆమె చేయి పట్టుకొని గుమ్మం వైపు లాగాడు. పనికి పోవడానికి చీర కట్టుకొని, టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకొని వచ్చిన ఎలీషమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పిల్ల చెయ్యి ఇడువు."

"నీకు తెల్వదు, అది ఏం జేసిందో..."

"నాకు ఎర్కే. మొదటి దినం సందే ఎర్క."

తండ్రీ కూతురూ ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"దాని సాక్సులు పిండేది నేనే గద. ఎర్రమట్టి లేదు, కంపు లేదు. ఉరికొచ్చిన పిల్ల సాక్సులు గట్లుంటయా? అయినా పిండిన. నువ్వు సూడాలెనని తీగ మీద ఆరేసిన. బిడ్డ యాడనో ఒక తాన కూసోనైనా జెర దమ్ము తీసుకుంటాందని ఊకున్న." ఆమె టిఫిన్ డబ్బాను మరో చేతికి మార్చుకుంది. "వయసుల ఉన్న పిల్లకు నెలసరి ఆగిపోయింది, నీకు తెల్సా? రాత్రి నిద్రల కాళ్లు కొట్టుకుంటది, తెల్సా? మందిరంల అందరికీ చెప్పినవ్. దీన్ని ఒక్కపారన్న అడిగినవా, ఉరుకుతవా బిడ్డా అని?"

యోబు చేయి వదిలేశాడు. మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. రెబెక్కా తల్లిని చూస్తూ ఏడుపు ఆపుకోలేకపోయింది. ఇన్నాళ్లూ తానొక్కతే మోస్తున్నాననుకున్న అబద్ధాన్ని అమ్మ రోజూ పిండి ఆరేస్తోందని ఆమెకు అప్పుడే తెలిసింది.

అంతలో పెద్ద రోడ్డు మీద వ్యాను హారన్ మోగింది. ఎలీషమ్మ తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో గాజు సామాన్లు కడిగే పని చేసేది. కంపెనీ వ్యాను ఎవరి కోసమూ ఆగదు. ఆమె ఉలిక్కిపడి బయటికి వచ్చేసరికి దాని వెనక భాగం మాత్రమే కనబడింది.

"అయ్యో, ఇంతకుముందే సూపర్‌వైజర్ గట్టిగ చెప్పిండు. ఇయ్యాల నాగా అయితే పనిలకెళ్లి తీసేస్తడు!"

"వ్యాను ఊళ్లెకు పోయి మల్ల రోడ్డెక్కుతది గదమ్మా," అంది రెబెక్కా కళ్లు తుడుచుకుంటూ. "మక్క చేన్ల అడ్డం పడితే అందుతది."

"నాతోని ఏమైతదే! నువ్వు ఉరికి ఆపు, నేనొస్త!"

బూట్లు వేసుకునే తీరిక లేదు. రెబెక్కా ఉత్త కాళ్లతో గట్టు మీదికి దూకింది. కంకులు కోసేసిన మొక్కజొన్న చేనులో కొయ్యలు అరికాళ్లకు గుచ్చుకుంటున్నా ఆగలేదు. మనసంతా వ్యాను మీదే ఉంది. అమ్మ పని పోకూడదు, అంతే. చేను సగం దాటాక గాలి చెవుల్లో మోగుతుంటే అప్పుడు తట్టింది, తాను పరుగెత్తుతోందని. ఆ సంగతి తలుచుకొని భయపడి ఆగిపోబోయింది. కానీ వెనక నుంచి ఏదో చప్పుడు వినబడి తిరిగి చూసింది.

చీర పిక్కల పైకి దోపుకొని, టిఫిన్ డబ్బా చంకలో ఇరికించుకొని, ఊడిపోయిన ఒక చెప్పు చేత్తో పట్టుకొని ఎలీషమ్మ పరుగెత్తుకొస్తోంది. కొప్పు ఊడిపోయింది. ఆయాసపడుతూ, పడబోయి నిలదొక్కుకుంటూ పడీ పడీ నవ్వుతోంది. తన పద్దెనిమిదేళ్ల జీవితంలో తల్లి పరుగెత్తడం రెబెక్కా చూడటం అదే మొదటిసారి.

"నన్ను సూస్తవేందే? వ్యాన్ను సూడు!"

"నువ్వు ఉరుకుతున్నవ్ అమ్మా!"

"పెండ్లికి ముందట మేకల ఎంబడి ఉరికిన, మల్ల గిదే!"

రెబెక్కాకు నవ్వు ఆగలేదు. వెనక్కి వచ్చి డబ్బా అందుకొని తల్లి చేయి పట్టుకుంది. ఇద్దరూ నవ్వుకుంటూ, దుమ్ము లేపుకుంటూ రోడ్డెక్కేసరికి వ్యాను ఊళ్లోంచి మలుపు తిరిగి వస్తోంది. రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపిన పిల్లను చూసి డ్రైవర్ బ్రేకు వేయక తప్పలేదు. లోపల ఉన్న ఆడవాళ్లు ఎలీషమ్మ అవతారం చూసి చప్పట్లు కొట్టారు. ఆమె ఎక్కి, కిటికీలోంచి రొప్పుతూనే, "ఇంటికి పోయి తిను," అని అరిచింది.

వ్యాను వెళ్లిపోయింది. పని అయిపోయింది. ఇక పరుగెత్తాల్సిన అవసరం లేదు, చూసేవాళ్లు లేరు, ఎంతసేపట్లో వచ్చావని అడిగేవాళ్లు అసలే లేరు. అయినా రెబెక్కా చేలో దిగి మళ్లీ పరుగందుకుంది. కాసేపు నెమ్మదిగా, కాసేపు ఇష్టం వచ్చినంత జోరుగా. గట్టు కనబడితే ఎక్కి, కాలువ కనబడితే దూకి, అలిసిపోతే నడిచి, మళ్లీ పరుగెత్తింది. ఛాతీ నిండా గాలి పోతుంటే ఎన్నాళ్లుగానో లోపల ఇరుక్కున్నదేదో వదులైనట్టనిపించి నవ్వొచ్చింది.

చేను చివర యోబు నిలబడి ఉన్నాడు. భార్యను దింపి వద్దామని లూనా తీశాడు గానీ గట్టు దగ్గర అది ఆగిపోయింది. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో ఆమెకు తెలియదు. తండ్రిని చూడగానే అడుగులు నెమ్మదించాయి, మొహంలో నవ్వు పోయింది. ఆ పోవడం యోబు చూశాడు.

"ఆగకు బిడ్డా," అన్నాడు కంగారుగా. తర్వాత ఆ మాట కూడా అనకుండా ఉండాల్సిందేమో అన్నట్టు, "ఆగాల్నంటే ఆగు," అన్నాడు.

ఆమె కుంటుతూ వచ్చి గట్టు మీద కూర్చుంది. మడమలో ముల్లు విరిగి రక్తం కారుతోంది. యోబు కింద కూర్చొని ఆమె పాదాన్ని మోకాలి మీద పెట్టుకొని, కాలిన మచ్చలున్న వేళ్లతో ముల్లు తీశాడు. తీశాక కూడా పాదం వదల్లేదు.

"ఇన్నేండ్లు నీ ఎన్కనే బండి నడిపిన. నీ ఈపే సూసిన గని మొకం సూడలె. ఇయ్యాల ఎదురంగొస్తుంటె సూసిన. నవ్వుకుంట ఉరుకుతున్నవ్ బిడ్డా." ఆమె పాదానికి అంటిన మట్టిని బొటనవేలితో తుడిచాడు. "గన్ని దినాలు ఉరికిచ్చినప్పుడు నీ మొకం ఎట్లుండెనో నాకు తెల్వనే తెల్వదు."

రెబెక్కా తండ్రి భుజం మీద చేయి వేసింది. ఇద్దరూ కలిసి ఆగిపోయిన బండిని నెట్టుకుంటూ ఇంటికి వెళ్లారు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య, "యోబన్నా, కూడిక సంగతి సంఘానికి యాది జెయ్యి," అన్నాడు. యోబు లేచాడు. ఎప్పుడూ ఖంగున మోగే గొంతు ఆ రోజు లేవలేదు.

"కూడిక లేదయ్యగారు. పొందనిదాన్ని పొందినమని చెప్పిన. బిడ్డను అడగకుంట చెప్పిన. అందరు క్షమించుండ్రి."

గుసగుసలు లేచాయి. సత్యమ్మ ఉండబట్టలేక, "గదేందన్నా? పిల్ల సెలక్షన్‌కు పోతలేదా? ఉరుకుడు బంద్ జేసిందా ఏంది?" అంది.

యోబు ఆడవాళ్ల వైపు చూశాడు. "నాకు తెల్వదు సత్యమ్మా. అది పిల్ల చెప్పాలె. నేను ముందుగాల చెప్పుడు మానుకున్న," అని కూర్చున్నాడు.

అందరి తలలూ రెబెక్కా వైపు తిరిగాయి. ఎలీషమ్మ ఆమెను లేవమని అనలేదు, కూర్చోమనీ అనలేదు. రెబెక్కా తనంతట తానే లేచింది. ఈసారి ఆమె ప్రార్థన అడగలేదు.

"సెలక్షన్‌కు పోతలేను," అంది. "రేపు పొద్దుగాల ఉరుకుత. ఎల్లుండి సంగతి నాకు గూడ తెల్వదు."

అది గెలుపు సాక్ష్యమో, ఓటమి విన్నపమో తెలియక సంఘంలో ఎవరూ ఆమెన్ అనలేదు. మగవాళ్ల వైపు నుంచి యోబు ఒక్కడే, కన్నీళ్లు తుడుచుకోకుండానే, "ఆమెన్," అన్నాడు.