టోపీలు తీసినప్పుడు

హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో శవం తేలితే మెక్సికో తీరంలోని అకపుల్కోలో ముందు సంగీతం సౌండ్ పెంచుతారు. తర్వాత తువ్వాలు కప్పుతారు. పోలీసులను పిలవడం మూడో పని. 1974లో ఆ శనివారం పొద్దున కూడా అదే వరసలో జరిగింది.

పోయినవాడు బార్‌లో ఐసు పగలగొట్టే కుర్రాడని హోటల్ వాళ్లు అనుకున్నారు. నిజానికి అతను రాజధాని నుంచి వచ్చిన సీక్రెట్ ఏజెంట్. వెన్నులో సన్నటి కత్తిపోటు. పోయేముందు వైర్‌లెస్‌లో ఒకే ఒక్క వాక్యం పంపగలిగాడు. పెలికన్ ముఠా తన మనిషికి ఇచ్చిన ఆర్డర్ అది:

"టోపీలు తీసినప్పుడు నొక్కు."

గంట తిరక్కుండా ఏజెంట్ ఎవోదియో లికిదానో అదే హోటల్ పై అంతస్తు సూట్‌లో నిలబడ్డాడు. నిలబడ్డాడంటే, కూర్చోమని ఎవరూ అనలేదు. ఎదురుగా అతని బాస్ కల్నల్ ఉర్రుతియా బొప్పాయిపండు మీద నిమ్మకాయ పిండుకుంటున్నాడు. కిటికీలోంచి కింద టెన్నిస్ కోర్టు కనిపిస్తోంది. ఎవోదియో చిన్నప్పుడు అక్కడ వాళ్ల నాన్న కొబ్బరితోట ఉండేది. "ప్రజాప్రయోజనం" అని రాసిన బోర్డు పాతి తోట తీసుకున్నారు. ఆ ప్రజలెవరో ఇప్పుడు తెల్ల నిక్కర్లేసుకుని బంతి కొడుతున్నారు.

"టార్గెట్?" అన్నాడు ఎవోదియో.

"మంత్రి సొలోర్సానో. మనకు దక్షిణాన ఉన్న ఓ దేశం నుంచి వచ్చాడు. పెలికన్ ముఠా ఎవరెవరికి తుపాకులు అమ్మిందో రేపు సాయంత్రం సభలో పేర్లతో చెప్పేస్తాడు. ఈలోపు చంపెయ్యాలని వాళ్ల ప్లాను."

"ముఠా ఏ దేశం వాళ్లు సార్?"

"ఎవరు డబ్బిస్తే ఆ దేశం."

రేపు పొద్దున మంత్రిగారు అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కి, ఎదురుగా ఉన్న ద్వీపం పక్కన సముద్రం అడుగున ఉన్న మరియమ్మ తల్లి కంచు విగ్రహాన్ని చూసి రావాలి. బయల్దేరేముందు రేవులో బ్యాండు, జాతీయగీతం. టోపీలు తీసేది అక్కడే కదా, కాబట్టి దెబ్బ అక్కడే పడుతుందని రాజధానిలో పెద్ద బుర్రలన్నీ కలిసి తేల్చాయి. బ్యాండువాళ్లను మార్చేశారు, మేడల మీద తుపాకులవాళ్లను పెట్టారు. ఎవోదియో కూడా తలూపాడు. పుట్టి పెరిగిన ఊరు, అయినా అతనికి వేరే ఆలోచన రాలేదు.

"నువ్వు పడవలో ఉంటావు, సాయం చేసేవాడి వేషంలో. ఈ పని జరిగిందంటే," కల్నల్ చెంచా కింద పెట్టాడు, "నీ తమ్ముడు ఇంటికొస్తాడు. నా మాట."

తమ్ముడి పేరు సిరేనియో. కొబ్బరి రైతుల మీటింగులో మైకు పట్టుకున్నాడు, అంతే నేరం. తిరిగొస్తుంటే బస్సు ఆపి దింపేశారు. ఎవోదియో పనిచేసే డిపార్ట్‌మెంటే దింపింది. అప్పట్నుంచి వాళ్లమ్మ సిరేనియో ఊయలమంచం మీద పిల్లిని కూడా ఎక్కనివ్వడం లేదు. కల్నల్ మాట ఏపాటిదో ఎవోదియోకి తెలుసు. కానీ మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆధారమే కదా. సరే సార్ అన్నాడు.

డిపార్ట్‌మెంట్ అతనికి రెండు పరికరాలు ఇచ్చింది. ఒకటి కెమెరా దాచిన లైటర్. రెండోది సన్‌టాన్ నూనె సీసాలో ఇమిడిన వైర్‌లెస్. తయారుచేసిన ఇంజనీర్లు రాజధానివాళ్లు, ఉప్పుగాలి సంగతి వాళ్లకేం తెలుసు. సాయంత్రానికల్లా రెండూ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి.

మర్నాడు పొద్దున్నే కలేతా బీచ్‌లో ఒడెట్‌ను కలవాలి. ఆమె హోటల్ నైట్‌క్లబ్బులో పాటలు పాడుతుంది. ముఠాకి గూఢచారి, ముఠా మీద కల్నల్‌కీ గూఢచారి. ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటుంది, ఇద్దరినీ నవ్వుతూ మోసం చేస్తుంది. వెడల్పాటి టోపీ, నల్లకళ్లద్దాలు, చేతిలో జిన్ కలిపిన కొబ్బరిబోండం. అక్కడున్న మగవాళ్లందరూ సముద్రం చూస్తున్నట్టు నటిస్తున్నారు.

"నీళ్లు చల్లగా ఉన్నాయా?" ఎవోదియో కోడ్ మాట అందించాడు.

"బోండంలోవి ఇంకా చల్లగా ఉన్నాయి." కోడ్ సరిపోయింది. అక్కడినుంచి ఆమె గొంతు మారింది. "ద్వీపం దాటకముందే ఏదో వంక పెట్టి ఆ పడవ దిగిపో. ఎక్కడ, ఎలా అని నన్నడక్కు, నాకూ చెప్పలేదు."

"దిగను. నా తమ్ముడు ఇంటికి రావాలి."

ఒడెట్ కళ్లద్దాలు తీసింది. ఆమె కళ్లు అలసిపోయి ఉన్నాయి. "ఎవోదియో, నీ తమ్ముణ్ని పెట్టిన గది ఖాళీ. మంగళవారం తెల్లారకముందే విమానం వెళ్లింది."

ఆ విమానాల సంగతి తీరంలో తెలియనివాడు లేడు. పట్టుబడ్డవాళ్లతో బరువుగా సముద్రం మీదికి వెళ్తాయి, తేలిగ్గా తిరిగొస్తాయి. జాలరులు ఏమీ అనరు. వలలు మాత్రం ఇంకో వైపు వేసుకుంటారు.

"నువ్వు పచ్చి అబద్ధాలకోరువి," అన్నాడతను.

"అవును. అబద్ధానికి డబ్బు తీసుకుంటాను. ఇది ఊరికే చెప్పాను." ఆమె లేచి వెళ్లిపోయింది. బోండం సగం అలాగే ఉంది.

ఎవోదియో రేవుకి వెళ్లి పడవ అణువణువూ గాలించాడు. ఇంజను, లైఫ్ జాకెట్లు, బీరు పెట్టె, పడవ అడుగు, ఏదీ వదల్లేదు. ఎక్కడా ఏమీ లేదు. పడవ యజమాని ముసలి నబోర్ చుట్ట నములుతూ అంతా చూశాడు. టూరిస్టులు నీళ్లలోకి విసిరిన నాణేల కోసం అన్నదమ్ములిద్దరూ మునకలేసే రోజుల్లో, ఊపిరందక తేలినప్పుడల్లా జుట్టు పట్టుకుని పైకి లాగింది ఈ నబోరే.

"ఏం వెతుకుతున్నావురా అబ్బాయ్?"

"ఏం లేదు బాబాయ్. సిగరెట్ పెట్టె పోయింది."

"గవర్నమెంటు వాళ్ల సిగరెట్లు ఎప్పుడూ మా పడవల్లోనే పోతాయెందుకో," అన్నాడు నబోర్. సిరేనియో గురించి మాత్రం అడగలేదు. ఊళ్లో అందరూ అడగడం మానేశారు.

పది దాటాక మంత్రి, ఆయన భార్య, ఇద్దరు గార్డులు, కల్నల్ వచ్చారు. బ్యాండు మోగింది. రేవులో టోపీలన్నీ ఒక్కసారిగా దిగాయి. గీతం అయిపోయింది, టోపీలు ఎక్కాయి, ఏమీ జరగలేదు. కల్నల్ నుదురు తుడుచుకుని, మనవాళ్లను చూసి తోకముడిచారయ్యా అన్నాడు. పడవ కదిలింది.

దారిపొడుగునా ఎవోదియో ఒకటే లెక్క వేసుకున్నాడు. ఒడెట్ చెప్పింది నిజమైతే, తమ్ముణ్ని చంపినవాడు ఇక్కడే, మోకాలు మోకాలు తగిలేంత దగ్గర్లో కూర్చుని మంత్రిగారి భార్యకు చేపల పేర్లు చెబుతున్నాడు. అబద్ధమైతే సాయంత్రానికి సిరేనియో ఊయలమంచంలో ఉంటాడు. రెండోదే నమ్మాలని ఎంత గింజుకున్నా మనసు ఒప్పుకోలేదు.

ద్వీపం పక్కన, పడవ తల్లి విగ్రహం మీదికి రాగానే నబోర్ ఇంజను ఆపాడు. ఎప్పుడూ అంతే. ఏ పడవైనా అక్కడ ఆగాల్సిందే. ఆగగానే ఊరివాడి చెయ్యి టోపీ మీదికి పోతుంది, అతన్ని చూసి మిగతావాళ్లూ తీస్తారు. అది ఎవరూ అనుకుని చేసే పని కాదు, రెప్ప వేసినట్టు జరిగిపోతుంది. ఎవోదియో చెయ్యి కూడా పైకి లేచింది.

లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అద్దం కిందుగా, ఆకుపచ్చని నీళ్లలో తల్లి మెడలో దండ ఉంది. ఆమె మెడలో ఎవరూ దండ వెయ్యరు. డిసెంబరులో పండుగనాడు ఈతగాళ్లు దిగి పాదాల దగ్గర పూలు పెడతారు, అవి రెండు రోజుల్లో చేపల పాలవుతాయి. ఇవి నైలాన్ పూలు. దండలోంచి రేడియో ఏరియల్ లాంటి సన్నటి వైరు ఒకటి పైకి, నీటి మీద తేలే ఓ బెండు ముక్క దాకా వచ్చింది. దూరంగా తెల్లటి విలాసపు నౌక. దాని మీద బైనాక్యులర్ తళుక్కుమంది.

అంత దూరంనుంచి చూసేవాడికి, పడవ సరిగ్గా తల్లి మీదికి ఎప్పుడొచ్చిందో తెలిసేదెలా? టోపీలు దిగితే తెలుస్తుంది.

ఓరి దేవుడా అనుకున్నాడు ఎవోదియో. పడవంతా వెతికాను, అమ్మ మెడ మాత్రం చూడలేదు. తల్లి మెడకు బాంబు కట్టే మనిషి ఉంటాడని ఈ ఊళ్లో పుట్టినవాడికి తోచదు. ఇక్కడ తీసే టోపీని టోపీ తియ్యడం అనుకోనైనా అనుకోడు.

నబోర్ టోపీ సగం లేచింది. కల్నల్ చెయ్యి కూడా లేస్తోంది. ఊరుకుంటే చాలు. ఊరికే కూర్చుంటే కల్నల్ ఉండడు. ఆ ఆలోచన ఎవోదియోకి వచ్చింది, రాలేదంటే అబద్ధం. కానీ పక్కనే నబోర్ ఉన్నాడు, తమ్ముణ్ని జుట్టుపట్టి నీళ్లలోంచి లాగిన చేతులతో.

అతను ఒక చేత్తో నబోర్ టోపీని, రెండో చేత్తో కల్నల్ టోపీని చెవులదాకా దిగేలా నొక్కేశాడు.

"ఎవరూ టోపీ తియ్యొద్దు. ఇంజను వెయ్యి బాబాయ్."

"అమ్మ ముందు టోపీతో నిలబడమంటావురా, దిక్కుమాలినోడా?"

"బతికుంటే రేపు రెండుసార్లు తీద్దువుగానీ. వెయ్యి."

ఇంజను దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గింది. ఎవోదియో గార్డులకు ఆ తెల్ల నౌకను చూపించి, బీరు పెట్టెలోని కత్తి పళ్లతో కరుచుకుని నీళ్లలోకి దూకాడు. పైన మంత్రిగారి భార్య బెదిరి లేచి నిలబడింది. గాలికి ఆమె గడ్డిటోపీ ఎగిరింది. పట్టుకోబోయి మంత్రిగారు వంగాడు, ఆయన టోపీ కూడా పోయింది. నౌక మీద ఉన్నవాడు రెండు టోపీలు దిగడం చూశాడు, ఇక చాలనుకుని మీట నొక్కాడు.

వైరు అప్పుడే తెగింది. తెగిన కొసలు రెండూ ఎవోదియో రెండు చేతుల్లో ఉన్నాయి. తల్లి ముఖం అతని ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఊపిరి ఉన్నంతసేపూ అతను ఆమెను ఒకటే అడిగాడు, తమ్ముణ్ని చూశావా అని. కంచు పెదవులు కదల్లేదు.

అతను తేలేసరికి, గార్డులు సైగ చేసిన కాపలా లాంచీలు నౌకను చుట్టుముట్టాయి. లోపల పెలికన్ ముఠావాడు పనిచెయ్యని మీటను ఇంకా నొక్కుతూనే దొరికాడు. మంత్రి ఎవోదియో చెయ్యి పట్టుకుని ఊపాడు. కల్నల్ మెడల్ ఖాయం అన్నాడు.

"మెడల్ వద్దు సార్. సిరేనియో ఎప్పుడొస్తాడు?"

కల్నల్ నలిగిన టోపీని తీసి, గుద్ది సరిచేసి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఏ సిరేనియో?"

"నా తమ్ముడు సార్. మీరు మాటిచ్చారు."

"ఆ పేరుగల మనిషిని మనం ఎప్పుడూ పట్టుకోలేదు లికిదానో. నీళ్లలో ఎక్కువసేపు ఉన్నట్టున్నావు, కాసేపు పడుకో."

మంత్రి సముద్రంకేసి చూశాడు. సాయంత్రం సభలో ఆయన చెప్పాల్సిన పేర్లన్నీ చెప్పాడని, ఆతిథ్యమిచ్చినవాళ్లది ఒకటి మాత్రం మింగేశాడని తర్వాత అనుకున్నారు. ఒడెట్ అప్పటికే కొత్త పేరుతో విమానం ఎక్కేసింది. ఎవోదియో ఇంటికెళ్లాడు. వాళ్లమ్మ ఊయలమంచం దుమ్ము దులుపుతూ ఉంది.

వారం తిరక్కుండా అతను డిపార్ట్‌మెంట్‌కి వెళ్లడం మానేశాడు. విమానాలు ఎటు వెళ్లేవని నబోర్‌ని అడిగాడు. ముసలాయన ద్వీపం అవతలికి గడ్డంతో చూపించాడు. నబోర్ పోయాక ఆ పడవ ఎవోదియోదే అయింది.

ఏళ్లు గడిచాయి. సినిమా తారలు వేరే ఊళ్లు చూసుకున్నారు, హోటళ్ల రంగు వెలిసింది, టెన్నిస్ కోర్టులో గడ్డి మొలిచింది. అద్దపు పడవలు మాత్రం ఇప్పటికీ తల్లి దగ్గర ఆగుతాయి. ఆ తర్వాత ద్వీపం దాటి, అద్దంలో ఏమీ కనిపించని లోతు నీళ్లలో ఇంకోసారి ఆగుతాయి. నడిపేవాళ్లు టోపీలు తీస్తారు.

ఇక్కడేముందని టూరిస్టులు అడుగుతారు. ఎవోదియో టోపీ ఛాతీకి ఆనించుకుని మర్యాదగా జవాబిస్తాడు.

"ఏం లేదు సెనోర్. ఇంజను వేడెక్కింది."