ఆ సాయంత్రం వేసిన షామియానా

మంగళవారం ఉదయం సోహాగ్ పట్నం పక్క ఊళ్ళో, చెరుకు తోటలో సనద్ శవం దొరికింది. వీపులో రెండు తూటాలు.

శుక్రవారం బఖీత్‌ని అరెస్టు చేశారు. రెండు కుటుంబాలకీ పాత పగ. తుపాకీ అతని పొలంలోనే దొరికింది. కోర్టు ఉరిశిక్ష వేసింది.

ఇవాళ అప్పీలు. ఇదీ పోతే ఉరే.

బఖీత్ లాయర్ సొహేర్ కోర్టు మెట్లెక్కుతోంది. సనద్ అన్న దియాబ్ అడ్డం నిలబడ్డాడు. అతని వెనక నల్ల ముసుగులో తల్లి.

"ఏం లాయరమ్మా, ఇంట్లో వంట పనిలేదా? మా తమ్ముణ్ణి చంపినోడికి వకాల్తానా?"

"వంటయ్యాకే వచ్చాను. తప్పుకో."

"వాడు ఉరెక్కిన రోజు నీకు మిఠాయి పంపిస్తాలే."

ఆమె పక్కనుంచి లోపలికి నడిచింది. ఆమె ఫైల్లో పోలీసులు తీసిన ఫోటో ఉంది. బుధవారం ఉదయం, దియాబ్ ఇంటి ముందు తీసింది. అందరూ అందులో దియాబ్ మొహమే చూశారు.

బోనులో బఖీత్, ఉరిఖైదీల ఎర్ర బట్టల్లో. సాక్షిగా దియాబ్ నిలబడ్డాడు. సొహేర్ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"చంపింది బఖీతేనని ఎప్పుడు తెలిసింది?"

"శవం చూసిన క్షణమే. ఇంకెవడికుంది మామీద పగ?"

"మీ నాన్నగారినీ కాల్చి చంపారు కదా. పరామర్శలు ఎప్పుడు తీసుకున్నారు?"

దియాబ్ ఛాతీ పొంగింది. "ఆ చంపినవాడు చచ్చాకే. ఆరేళ్ళు ఎవరికీ చుక్క కాఫీ పొయ్యలేదు. పగ తీరకుండా పరామర్శ తీసుకునేవాడు మాలో మగాడే కాదు."

వెనక బెంచీల్లో మగవాళ్ళు తలలూపారు.

సొహేర్ ఫోటోని జడ్జికి అందించింది.

"అతని వెనక చూడండి, అయ్యా. షామియానా. వరసగా కుర్చీలు. ఖాళీ కాఫీ కప్పులు. మంగళవారం సాయంత్రమే ఊరంతా వచ్చి పరామర్శించి వెళ్ళింది. అప్పటికి బఖీత్ ఊళ్ళోనే తిరుగుతున్నాడు."

ఆమె దియాబ్ వైపు వేలు చూపింది.

"శత్రువు బయట ఉంటే ఈయన షామియానా వెయ్యడు. బయట ఏ శత్రువూ లేడని తెలుసు కాబట్టే వేశాడు. తుపాకీ అంటారా, బఖీత్ పొలంలో ఎవరైనా పడెయ్యొచ్చు. పెళ్ళికాని సనద్ పొలం ఇప్పుడెవరు దున్నుతున్నారు, దియాబ్?"

"నోర్ముయ్! ఆడదానివి, మా పద్ధతులు నీకేం తెలుసు?"

"ఇప్పుడేగా నువ్వే చెప్పావు."

వెనక నల్ల ముసుగు లేచింది.

"వద్దురా అన్నాను, అయ్యా. తమ్ముడి నెత్తురారలేదు, షామియానా ఏంట్రా అన్నాను. 'పగ తీర్చుకోడానికి శత్రువెవడున్నాడే' అన్నాడు. అర్థం కానట్టు ఇన్నాళ్ళూ పడున్నా."

"అమ్మా!"

ఆమె అటు చూడలేదు.

ఉరిశిక్ష రద్దయింది. పోలీసులు దియాబ్ రెక్కలు విరిచి పట్టుకున్నారు.

వరండాలో సొహేర్ ఆ తల్లి దగ్గరికి వెళ్ళబోయింది.

"అక్కడే ఆగు. నీవల్ల రెండోవాడూ పోయాడు. నీ మొహం చూడను." ముసలామె ముసుగు సర్దుకుంది. "రేపు షామియానా వేయిస్తున్నా. మా సనద్ పరామర్శకి అందరినీ రమ్మను. ఆ బఖీత్‌ని కూడా."