అడిగితే వద్దంటాడేమోనని

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూనే తల్లి మొదలుపెట్టింది.

"ఒక్క బటన్ నొక్కితే వాడెక్కడున్నాడో తెలిసిపోతుందట కదే. నీ వేలేమైనా అరిగిపోతుందా?"

పౌర వివరాల కార్యాలయంలో పనిచేసే కూతురికి తల ప్రాణం తోకకొచ్చింది. కొత్త చట్టం వచ్చినప్పటి నుంచి ఇంట్లో రోజూ ఇదే పాట. ప్రభుత్వ ఆఫీసులన్నీ జనం వివరాలు ఒకదానితో ఒకటి పంచుకోవచ్చన్న మొదటి సగం మాత్రం ఆవిడ చెవికెక్కింది. పని లేకుండా ఎవరి వివరాలైనా తెరిచి చూస్తే ఉద్యోగం ఊడుతుందన్న రెండో సగం ఎంత చెప్పినా దున్నపోతు మీద వానే.

"అమ్మా, దానికో పద్ధతుంది. దరఖాస్తు పెట్టు. మా ఆఫీసు తమ్ముడికి కబురు పంపుతుంది. వాడు సరేనంటే అడ్రసు నీకిస్తారు."

"కన్నకొడుకు అడ్రసుకి దరఖాస్తా! రేపు నిన్ను కూతురా అని పిలవడానిక్కూడా పెట్టమంటావు."

"పెట్టు. ఒకేసారి రెండూ పెట్టు," అని కూతురు బ్యాగు భుజాన వేసుకుని విసవిసా వెళ్లిపోయింది.

కొడుకు ఇల్లు వదిలి ఏడాది దాటింది. తనూ భార్యా విడిపోతున్న సంగతి అతను తల్లికొక్కదానికే చెప్పుకున్నాడు. ఆవిడ ఆ సాయంత్రమే తన చెల్లెలి చెవిన వేసింది. చెల్లెలు ఊరుకుంటుందా! వారం తిరక్కుండా చుట్టాలందరూ ఫోన్లు చేసి పరామర్శించారు. "ఈ ఇంట్లో నాదంటూ ఒక్క విషయమైనా ఉందా?" అని అరిచి వెళ్లినవాడు ఫోన్ నంబరు కూడా మార్చేశాడు. చెప్పుకుంటే బాధ తగ్గుతుందని చెప్పానంటుంది తల్లి ఇప్పటికీ. చెప్పుకోవాల్సిన బాధ ఎవరిదో ఆవిడ ఆలోచించలేదు.

కూతురి దగ్గర పప్పులుడకక ఆవిడ సొంత తమ్ముణ్ణి పట్టుకుంది. ఆయన నీటి పన్ను ఆఫీసులో ఉద్యోగి. ఎవరేమడిగినా కాదనలేడని పిల్లలు ఆయనకి సర్దుబాటు మామయ్య అని పేరు పెట్టారు. అక్క కళ్లొత్తుకోగానే ఆయన కరిగిపోయి, ఆఫీసు కంప్యూటర్లో మేనల్లుడి పేరు కొట్టి, అడ్రసు ఆవిడకి చెప్పేశాడు. అలా చూసిన ప్రతిసారీ అవతలి మనిషికి మెసేజ్ వెళ్తుందని శిక్షణ తరగతిలో చెప్పారు. ఆ పూట మామయ్య వెనక కుర్చీలో కునుకు తీశాడు.

ఆదివారం మామయ్య కాఫీకి వచ్చి కూర్చున్నాడు. అప్పుడే కూతురి సెల్లు మోగింది. కొత్త నంబరు. తమ్ముడి గొంతు వినగానే ఆమె తల్లి కోసం స్పీకర్ పెట్టింది.

"అక్కా, నా వివరాలు మామయ్య ఎందుకు చూశాడు? పేరుతో సహా మెసేజ్ వచ్చి నాలుగు రోజులైంది. కింద ఫిర్యాదు బటన్ ఉంది. ఇన్ని రోజులూ ఓపిక పట్టాను. నొక్కనా?"

మామయ్య గ్లాసు కింద పెట్టేశాడు. "ఒరే ఒరే, నా ఉద్యోగం పోతుందిరా!"

"పోదూ మరి!" కూతురు ఒంటికాలి మీద లేచింది. "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు ఇద్దరూ! చిలక్కి చెప్పినట్టు చెప్పానా? దరఖాస్తు పెడితే నీ సొమ్మేం పోయిందమ్మా?"

"పెడితే వాడు వద్దంటేనో?"

కూతురు ఆవిడ వైపు తిరిగింది.

"అడ్రసు తెలీకపోతే, తెలీదు కాబట్టి వెళ్లలేదనుకుని బతుకుతానే. వాడే వద్దన్నాడని మీ ఆఫీసు చెప్తే నేనేమైపోవాలి?" అంటూ తల్లి భోరుమంది.

కూతురి కోపమంతా నీరుగారిపోయింది. ఇన్నాళ్లూ మొండితనమనుకున్నది భయమని ఆమెకిప్పుడు తెలిసింది. తల్లి ఫోన్ లాక్కుంది.

"నాన్నా, మామయ్యనేం చెయ్యకు. తప్పు నాది. అప్పుడు నిన్నడక్కుండానే నీ సంగతి ఊరంతా టాంటాం చేశా. ఇప్పుడూ అడక్కుండానే నీ అడ్రసు తీసుకున్నా. నాకు బుద్ధి రాలేదురా."

కొడుకు గొంతు మెత్తబడింది. "అడ్రసు తెలిసింది కదా. మరి రాలేదేం?"

"బయల్దేరానురా. బస్టాపుదాకా వెళ్లి వెనక్కొచ్చేశా. అది నువ్విచ్చింది కాదుగా."

మామయ్య ఊపిరి బిగపట్టుకు కూర్చున్నాడు. అవతల కొడుకు ముక్కు ఎగబీల్చాడు.

"స్పీకర్ తీసెయ్యి. రాసుకో, చెప్తాను."

తల్లి స్పీకర్ ఆపి ఫోన్ చెవికి ఆనించుకుంది. ఆ అడ్రసు ఆవిడకి కంఠతా వచ్చు. అయినా "ఊఁ" కొడుతూ, మధ్యలో ఆపి మళ్లీ చెప్పించుకుంటూ, కళ్లనీళ్లు ధారగా కారుతుంటే మొత్తం విన్నది.

"ఎక్కడుంటున్నాడట? ఒక్కడే ఉంటున్నాడా? ఏమంటున్నాడమ్మా?" కూతురు చెయ్యి పట్టుకుని కుదిపేసింది.

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఉండవే. చెప్పచ్చో లేదో వాణ్ణి అడగనీ."