బొటనవేలంత ఎలుకకు పేరు

ఎనభైనాలుగు లక్షల జీవరాశులను సృష్టించిన భగవంతుడు ఒక్కదానికీ చీటీ అంటించలేదు. ఆ తగవును మనుషులకు వదిలాడు.

"ఇది కొత్త జాతి కాదండీ, మామూలు ఎలుకపిల్ల," అన్నాడు మ్యూజియంలో జంతు నమూనాల బాధ్యత చూసే యువకుడు. స్నేహితులు అతనికిచ్చిన బిరుదు సందేహాలస్వామి.

"మూడోసారి చెబుతున్నాను స్వామీ, పిల్ల కాదు! ఎంత పెరిగినా అంతే ఉంటుంది," అంది పరిశోధకురాలు.

మూడేళ్లు గడ్డిమైదానాల్లో మోకాళ్ల మీద పాకి ఆమె కనిపెట్టిన బొటనవేలంత ఎలుక అది. నమూనాను మ్యూజియం స్వీకరించినట్టు అతను సంతకం చేస్తేనే శాస్త్ర పత్రిక ఆమె వ్యాసాన్ని అచ్చువేస్తుంది. గడువు ఆ సాయంత్రమే.

"చిన్నగా ఉన్నవన్నీ పిల్లలే అయితే, మీ బుద్ధి ఇంకా ఉయ్యాల్లోనే ఉందన్నమాట!"

అతనికి నవ్వు వచ్చింది గాని, చెయ్యి కలం మీదికి పోలేదు.

"బొచ్చు చూశాను. తోక కొలిచాను."

"పళ్లు?"

సందేహాలస్వామి పళ్లు చూడనేలేదు.

ఉన్నది ఒకే మైక్రోస్కోపు. ఒకరి తరువాత ఒకరు చూడవలసినచోట ఇద్దరూ ఒకేసారి వంగారు. ఆమె జడ అతని భుజం మీద వాలింది. కిటికీ అవతల వాన మొదలైన సంగతి ఇద్దరూ ఎరుగరు.

వెనుక దవడపన్ను ఎలుకపిల్లల్లో అన్నిటికన్నా ఆలస్యంగా మొలుస్తుంది. ఇక్కడ మొలవడమే కాదు, నమిలి నమిలి అరిగిపోయి ఉంది.

"అయ్యబాబోయ్! ఇది పిల్ల కాదు, ముసలమ్మ!"

"ఇప్పుడు దండం పెట్టండి."

"ముసలమ్మకా, మీకా?"

"ముందు సంతకం పెట్టండి!"

ఆమె మడతపెట్టి అందించిన కాగితం మీద ఆ ఉత్సాహంలోనే పెట్టేశాడు. మడత విప్పాక కనిపించింది కొత్త జాతి శాస్త్రీయ నామం. లాటిన్ తోక తగిలించుకుని అందులో ఉన్నది తన పేరే!

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ముందే చూసి ఉంటే లంచమనుకుని సంతకం పెట్టేవాణ్ణి కాదు."

"అందుకేగా మడతపెట్టింది!"

"అచ్చయ్యాక మార్చడానికి నామకరణ నియమాలు ఒప్పుకోవు. రేపు నా మీద కోపం వచ్చినా ఈ పేరు పోదు. తెలుసా?"

"ఇదే నా పని. తెలియకుండా పెడతానా?" ఆమె చూపు ఎలుక మీదికి జారుకుంది. "దీనికి కూడా ఆధారాలు అడగకండి, సిగ్గేస్తోంది."

"ఈ ఒక్క విషయంలో నాకు సందేహమే లేదు," అన్నాడు సందేహాలస్వామి.

వ్యాసం వేళకు వెళ్లిపోయింది. ఆనందం ఆపుకోలేక అతను తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఒకమ్మాయి కొత్త ఎలుకకు నా పేరు పెట్టిందే!"



"ఎలుక సంగతి సరేరా. ఆ పేరు పెట్టిన అమ్మాయిని ఇంటికెప్పుడు తీసుకొస్తావు?"